పిస్టన్ మార్చే ముందు

(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఇంతకు ముందు మాట్లాడిన పెద్దలు ఆరోగ్యం గురించి, పెన్షన్ లెక్కల గురించి, గీత గురించి చక్కగా చెప్పారు. నాకు వాటిలో ప్రవేశం తక్కువ. ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడు పిల్లలకు పాఠాలు చెబుతూ రిటైరైనవాణ్ణి. కార్యదర్శిగారు "మీకు తెలిసిన విషయమే చెప్పండి మాస్టారూ" అని ధైర్యం చెప్పారు గనుక, రెండు స్ట్రోకుల ఇంజను మరమ్మతు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇందులో మనకేం పని అని అనుకోకండి. మనలో చాలామంది ఉద్యోగ జీవితమంతా ఈ ఇంజను మీదనే నడిచింది. చేతక్ స్కూటరు గాని, లూనా గాని, రాజ్‌దూత్ గాని ఎక్కని ఇల్లు మన సంఘంలో ఉండదు. అవన్నీ రెండు స్ట్రోకుల బండ్లే.

అసలు కీలకం

నాలుగు స్ట్రోకుల ఇంజనులో పీల్చడం, నొక్కడం, మండటం, వదలడం అనే నాలుగు పనులకు పిస్టన్ నాలుగు నడకలు నడుస్తుంది. రెండు స్ట్రోకుల ఇంజను ఆ నాలుగు పనులనూ రెండు నడకల్లో పూర్తి చేయాలి. అందుకని పిస్టన్ రెండు వైపులా పని చేస్తుంది. పైకి పోతున్నప్పుడు తల మీద ఉన్న మిశ్రమాన్ని నొక్కుతూ, కింద క్రాంకుకేసులోకి కొత్త మిశ్రమాన్ని పీలుస్తుంది. మంట పుట్టి కిందికి దిగేటప్పుడు పొగ పోయే రంధ్రం తెరుచుకుంటుంది. అదే దిగుడులో కేసులో ఉన్న కొత్త మిశ్రమం నొక్కుకుని పక్క దారుల గుండా పైకి వస్తుంది.

ఇందులో రెండు సంగతులు గుర్తు పెట్టుకోవాలి. మొదటిది, క్రాంకుకేసు వట్టి డబ్బా కాదు, అదొక పంపు. దానికి ఎక్కడా చిల్లు ఉండకూడదు. రెండోది, ఈ ఇంజనుకు అడుగున ఆయిల్ నిలవ ఉండదు. పెట్రోలుతోపాటు వచ్చే ఆయిలే క్రాంకుకూ, పిస్టనుకూ తడి. కాబట్టి ఎక్కడైనా దొంగగాలి చొరబడిందంటే మిశ్రమంలో గాలి పాలు పెరిగి పెట్రోలు పాలు తగ్గుతుంది. దీన్నే మెకానిక్కులు 'లీను' కావడం అంటారు. పెట్రోలు తగ్గితే వేడి పెరుగుతుంది. పెట్రోలుతోపాటు ఆయిల్ కూడా తగ్గుతుంది. వేడి పెరిగిన చోటే తడి కూడా తగ్గితే పిస్టన్ ఉబ్బి సిలిండరును పట్టేస్తుంది. 'సీజ్' అయిందని మనం చెప్పుకునేది ఇదే.

సీజైన ఇంజనుకు కొత్త పిస్టన్ వేయడం పెద్ద విద్య కాదు. ఎందుకు సీజైందో తెలుసుకోవడమే విద్య. ఇది చెప్పడానికి నేను స్వయంగా చూసిన ఒక బండి కథ వినిపిస్తాను.

అమెరికాలో మన రాజ్‌దూత్ చుట్టం

మా అబ్బాయి అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో ఉంటాడు. నేనూ మా ఆవిడా అక్కడ ఒక చలికాలం ఉన్నాం. పక్కింటి పెద్దాయన మనలాగే పెన్షనరు. ఆయన గరాజులో నాలుగు చక్రాల మోటారు సైకిలు లాంటి బండి ఒకటి ఉంది. అక్కడ దాన్ని క్వాడ్ అంటారు. వెడల్పాటి లావు టైర్లు, మోటారు సైకిలు హాండిలు, ఒక్కరు కూర్చునే సీటు. పొలం పనికి వాడేవి వేరు. ఇది ఇసుక తిన్నెల మీద పరుగు పెట్టడానికి చేసిన స్పోర్ట్ క్వాడ్. పేరు యమహా బాన్షీ.

ఇంజను చూడగానే నాకు పాత చుట్టం కనిపించినట్టయింది. 347 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. ఇవి మన దేశంలో ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350 కొలతలే! మనది యమహా ఆర్‌డి 350 వంశం, గాలితో చల్లబడేది. బాన్షీ అదే ఇంటి తర్వాతి తరం, నీళ్ళతో చల్లబడేది. 1987 మోడలుగా వచ్చి, అమెరికాలో 2006 మోడలుతో ఆగిపోయింది.

ఆ బండి పెద్దాయన మనవడిది. కుర్రవాడికి పదిహేడేళ్ళు. చాలా ఏళ్ళు షెడ్డులో పడివున్న బండిని కొని తెచ్చుకున్నాడు. కొన్నాళ్ళకు ఎడమ సిలిండరు సీజైంది. ఒక రిపేరు షాపులో బోరు చేసి కొత్త పిస్టన్ వేసి, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి ఇచ్చారు. ఆ తర్వాత మూడో ప్రయాణంలో, కాలిఫోర్నియా సరిహద్దు దాటి ఇంపీరియల్ ఇసుక తిన్నెలకు వెళ్ళినప్పుడు, వేగంగా పోతుండగా మళ్ళీ అదే సిలిండరు పట్టేసింది. ఈ బండికి వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఇంజను ఆగితే రెండూ ఒక్కసారే బిగుసుకుంటాయి. కుర్రవాడు హాండిలు మీదుగా ఎగిరిపడి కాలరు ఎముక విరగ్గొట్టుకున్నాడు. హెల్మెట్ ఉండబట్టి తల దక్కింది.

షాపువాళ్ళు మళ్ళీ బోరు చేసి మళ్ళీ పిస్టన్ వేస్తామన్నారు. పెద్దాయన బండిని పాత ఇనుముకు ఇచ్చేస్తానన్నాడు. మనవడు మాత్రం ఎముక అతకగానే మళ్ళీ ఎక్కుతానంటున్నాడు. "ఇల్లు అలకగానే పండగ కాదు. ముందు కారణం చూద్దాం, పిస్టన్ తర్వాత" అని నేను ఆయనకు నా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన సరేనన్నాడు.

విప్పకుండానే విచారణ

సీజైన బండి కనబడగానే స్పానరు పట్టుకుని ఇంజను విప్పేస్తారు చాలామంది. విప్పాక సాక్ష్యం పోతుంది. ముందు సైలెన్సర్ పైపులు మాత్రం తీసి, ఎగ్జాస్టు రంధ్రంలోకి టార్చి వేసి చూశాం. ఎడమ పిస్టన్ మీద ఎగ్జాస్టు వైపు నిలువుగా గీతలు పడి అల్యూమినియం పూసుకుపోయింది. కుడి పిస్టన్ శుభ్రంగా ఉంది.

ఆ గీతల భాష కొంత చెబుతాను. ఎగ్జాస్టు వైపు మాత్రమే గీతలుంటే సాధారణంగా లీను మిశ్రమం వల్ల కలిగిన వేడి. చుట్టూ నాలుగు చోట్ల సమానంగా గీతలుంటే, చల్లని ఇంజనును వేడెక్కనీయకుండా ఒక్కసారి లాగించారని అర్థం. పిస్టన్ త్వరగా ఉబ్బుతుంది, సిలిండరు నెమ్మదిగా ఉబ్బుతుంది. ఆ మధ్యలో పట్టేస్తుంది. పిస్టన్ తల అంచున ఇసుక కాగితం రుద్దినట్టు గుంటలుంటే మిశ్రమం పేలినట్టు మండిందని తెలుసుకోవాలి. నాసి పెట్రోలు గాని, మరీ ముందుకు జరిపిన టైమింగు గాని అందుకు కారణాలు.

ఇక్కడ ఒక్క సిలిండరే రెండుసార్లు చెడింది. రెండు సిలిండర్లకూ పెట్రోలు ఒకే ట్యాంకు నుంచి వస్తుంది. ఆయిల్ పాళ్ళు ఒకటే. రేడియేటరు నీళ్ళు ఒకటే. కాబట్టి దోషం వాటిలో లేదు. ఎడమ సిలిండరుకు మాత్రమే సొంతమైనవి ఏవి? ఎడమ కార్బొరేటరు, దాని రబ్బరు బూటు, రీడ్ వాల్వు గాస్కెట్, సిలిండరు అడుగు గాస్కెట్, క్రాంకు ఎడమ చివరి ఆయిల్ సీలు. దొంగ ఈ అయిదుగురిలోనే ఉన్నాడు.

కుర్రవాణ్ణి ఒక ప్రశ్న అడిగాను. "వేడెక్కాక యాక్సిలరేటరు వదిలితే రేసు వెంటనే దిగేదా?" దిగేది కాదట, కాసేపు గీపెట్టుకుంటూనే ఉండేదట. అది దొంగగాలి లక్షణం. షాపులో పెంచిన మెయిన్ జెట్టు పూర్తి యాక్సిలరేటరు దగ్గర పెట్రోలు పెంచుతుంది గాని, కేసులో పడిన చిల్లును పూడ్చలేదు కదా!

బండికి బి.పి. పరీక్ష

క్రాంకుకేసు గాలి నిలుపుతుందో లేదో చూడాలి. ఎడమ కార్బొరేటరు విప్పి చూస్తే లోపల శుభ్రంగానే ఉంది. కుడిది కూడా తీసి, రెండు రబ్బరు బూట్ల మూతులూ బిరడాలతో మూశాం. ఎగ్జాస్టు మూతులకు రబ్బరు షీటు పెట్టి ఇనుప పట్టీలు బిగించాం. ప్లగ్గులు యథాస్థానంలో ఉన్నాయి. ఒక బిరడాకు చిన్న గొట్టం పెట్టి దాని ద్వారా గాలి ఎక్కించాలి. ఎక్కించవలసింది చదరపు అంగుళానికి 6 పౌండ్ల లోపే. ఎక్కువైతే మంచి సీలు కూడా పాడవుతుంది. సైకిలు పంపుతోనో కంప్రెసరుతోనో ఆ పని చేయకూడదు.

అంత తక్కువ ఒత్తిడిని చూపే మీటరు పెద్దాయన గరాజులో లేదు. మా ఆవిడ ఇండియా నుంచి తెచ్చుకున్న చేతి బి.పి. యంత్రం ఉంది, బల్బు పిసికి ముల్లు చూసే రకం. దాని కొలత 300 దాకా ఉంటుంది. 300 అంటే సుమారు 5.8 పౌండ్లు. సరిగ్గా మనకు కావలసినంత! పట్టీ తీసేసి ఆ గొట్టాన్ని బిరడాకు తగిలించాం. "బండికి కూడా బి.పి. ఉందా?" అని మా ఆవిడ నవ్వింది. "ఎక్కువ కాదు, నిలవడం లేదు" అన్నాను.

చాలాసేపు పిసికితే ముల్లు 280కి ఎక్కింది. ఆరోగ్యమైన ఇంజనులో ఆరు నిమిషాలు గడిచినా ముల్లు పెద్దగా కదలకూడదు. ఇక్కడ చూస్తుండగానే దిగిపోయింది. సబ్బు నీళ్ళు కలిపి బ్రష్షుతో ఒక్కొక్క అతుకు మీద పూశాం. రబ్బరు బూటు దగ్గర బుడగ లేదు. రీడ్ గాస్కెట్ దగ్గర లేదు. సిలిండరు అడుగున లేదు. అప్పుడు ఎడమ పక్క మూత తీసి, పుల్లరు పెట్టి మాగ్నెట్ చక్రం లాగాం. దాని వెనక క్రాంకు చివర సీలు మీద సబ్బు నీళ్ళు పూయగానే అన్నం ఉడికినట్టు బుడగలు వచ్చాయి. ఏళ్ళ తరబడి కదలక సీలు పెదవి ఎండి గట్టిపడిపోయింది. క్రాంకు తిరుగుతున్నప్పుడల్లా అక్కడినుంచి గాలి లాక్కుంటోంది.

అదే సీలు కుడి వైపు పోతే లక్షణం వేరుగా ఉంటుంది. అటు క్లచ్చు, గేర్ల ఆయిల్ ఉంటాయి గనుక గాలికి బదులు ఆయిల్ లాక్కుంటుంది. తెల్లని పొగ కమ్మేస్తుంది, గేరు ఆయిల్ తగ్గిపోతుంటుంది. ఎడమ వైపు పొడిగా ఉండే చోటు కాబట్టి పొగా రాదు, చుక్కా కారదు. అందుకే ఆ జబ్బు కంటికి కనబడదు.

మరమ్మతు

ఇంజను దింపి, కేసు విప్పి, క్రాంకు సీళ్ళన్నీ కొత్తవి వేశాం. ఈ సిలిండరులో ఇనుప స్లీవు ఉంటుంది కాబట్టి బోరు చేయించుకోవచ్చు. రెండు సిలిండర్లకూ ఒకే సైజు బోరు చేయించాం. పిస్టనుకూ సిలిండరుకూ మధ్య ఖాళీ మన తల వెంట్రుక మందమంతే ఉంటుంది. అందుకని పిస్టన్ను ముందు తెచ్చి, దాన్ని కొలిచి బోరు చేయాలి. "బోరు చేసి ఉంచండి, పిస్టన్ తర్వాత తెస్తాం" అనకూడదు. బోరు అయ్యాక రంధ్రాల అంచులు పదునుగా నిలుస్తాయి. వాటిని సన్నగా నున్న చేయకపోతే రింగు తగులుకుని విరుగుతుంది. పిస్టన్ మీది బాణం గుర్తు ఎగ్జాస్టు వైపు ఉండాలి. రింగుల చివరలు గాడిలోని పిన్నుకు సరిగా కూర్చోవాలి. పిస్టన్ పిన్ను సర్‌క్లిప్పులు పాతవి మళ్ళీ వాడకూడదు. పైసల వస్తువు జారితే సిలిండరు మొత్తం పోతుంది.

అంతా బిగించాక మళ్ళీ బి.పి. చూశాం. ఆరు నిమిషాలు ముల్లు దాదాపు అక్కడే నిలబడింది. ఆ తర్వాతే పెట్రోలు పోశాం. మొదట బండిని నిలబెట్టి గోరువెచ్చ అయ్యేదాకా నడిపి, పూర్తిగా చల్లారనిచ్చి, అలా మూడుసార్లు చేశాం. తర్వాత కొన్నాళ్ళు సగం యాక్సిలరేటరు దాటనీయలేదు.

ట్యూనింగు

రింగులు కుదురుకున్నాక ట్యూనింగు. డాక్టరు నాలుక చాపమన్నట్టు మనం ప్లగ్గు చూడాలి. కొత్త ప్లగ్గు వేసి, ఖాళీ చోట పూర్తి యాక్సిలరేటరు మీద కొంత దూరం పోయి, క్లచ్చు పట్టి అదే క్షణంలో ఇంజను ఆపేయాలి. ప్లగ్గు తీసి పింగాణీ అడుగున చూస్తే లేత గోధుమ రంగు ఉండాలి. తెల్లగా ఎండినట్టుంటే లీను. నల్లగా తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువ. ఎప్పుడూ పెద్ద జెట్టుతో మొదలుపెట్టి ఒక్కొక్క సైజు తగ్గించుకుంటూ రావాలి. పెట్రోలు ఎక్కువైతే ప్లగ్గు పోతుంది, తక్కువైతే పిస్టన్ పోతుంది.

వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. చల్లగాలి చిక్కన, వేడిగాలి పలచన. ఎండాకాలం ఫీనిక్స్‌లో సరిపోయిన జెట్టు చలికాలం ఉదయం ఎడారిలో లీను కావచ్చు. అక్కడే ఫ్లాగ్‌స్టాఫ్ అనే ఊరు సుమారు 2,100 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పలచన కాబట్టి చిన్న జెట్టు కావాలి. దాంతోనే కిందికి దిగి లాగిస్తే ఇంజను పోతుంది. సైలెన్సర్ మార్చినా, గాలి పెట్టె మూత తీసేసినా జెట్టు మళ్ళీ చూసుకోవాలి.

ఆయిల్ మాట. ఆ బండికి మేము 32కి 1 పాలు కలిపాం. అంటే లీటరు పెట్రోలుకు సుమారు 31 మిల్లీలీటర్లు. "కాస్త ఎక్కువ పోస్తే మంచిదే కదా" అని చాలామంది అంటారు. అదే జెట్టు గుండా ఆయిల్ ఎక్కువ పోతే పెట్రోలు ఆ మేరకు తక్కువ పోతుంది. మసి సైలెన్సర్‌కు పడుతుంది. బండి తయారీదారు చెప్పిన పాలే పాలు, కంటి కొలత వద్దు.

మన ఇళ్ళలో

ఇక మన సంగతి. మూలన పడివున్న చేతక్ గాని, ఆర్‌ఎక్స్ 100 గాని మనవలు బయటికి తీసి నడుపుతామంటే సంతోషించండి. కాని కిక్కు కొట్టి స్టార్టయిందని సంబరపడి రోడ్డు మీదికి పంపకండి. నిలవున్న బండికి సీళ్ళు ఎండిపోయి ఉంటాయి. పాత పెట్రోలు తీసేసి, కార్బొరేటరు కడిగించి, సీళ్ళు చూపించాక పంపండి. 2025 నాటికి మన బంకుల్లో పెట్రోలుకు 20 శాతం ఇథనాల్ కలిసింది. అది పాత రబ్బరు గొట్టాలకు గిట్టదు, తేమను పీలుస్తుంది, మిశ్రమాన్ని కొంత లీను చేస్తుంది. కాబట్టి రబ్బరు గొట్టాలు మార్పించండి, ప్లగ్గు రంగు చూసి జెట్టు సరిచేయించండి, ట్యాంకులో పెట్రోలు నెలల తరబడి ఉంచకండి. తిరుమల ఘాటు లాంటి చోట దిగేటప్పుడు యాక్సిలరేటరు పూర్తిగా మూసి గేరులో ఎక్కువసేపు దిగితే ఇంజను తిరుగుతూనే ఉంటుంది గాని ఆయిల్ అందదు. మధ్య మధ్య ఒకసారి యాక్సిలరేటరు ఇచ్చి వదలాలి.

బండి నడిపే పిల్లలకు ఇంకొక మాట. నడుస్తుండగా ఇంజను స్వరం మారి బిగుసుకున్నట్టనిపిస్తే ముందు క్లచ్చు పట్టాలి. చక్రం వదులవుతుంది, ప్రాణం దక్కుతుంది. ఆ కుర్రవాడికి నేను నేర్పిన మొదటి పాఠం ఇదే. ఇసుకలో ఉన్నంతసేపూ రెండు వేళ్ళు క్లచ్చు లివరు మీద ఉండాలని చెప్పాను. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళలో క్వాడ్ ఉంటే వారికి కూడా చెప్పండి. 1988లో అక్కడ ప్రభుత్వానికీ తయారీదార్లకూ కోర్టు ద్వారా ఒప్పందం కుదిరి, మూడు చక్రాల బండ్ల అమ్మకం ఆగింది. పెద్ద ఇంజను బండ్లను 16 ఏళ్ళలోపు పిల్లలకు ఇవ్వవద్దన్న నియమం అప్పుడే వచ్చింది. హెల్మెట్ లేకుండా ఎక్కకూడదు. ఒక్కరి సీటు మీద ఇద్దరు కూర్చోకూడదు. ఇసుకకు చేసిన బండిని రోడ్డెక్కించకూడదు.

రెండు స్ట్రోకుల ఇంజను కాలం వెళ్ళిపోయింది. కొత్త మిశ్రమంలో కొంత మండకుండానే పొగతోపాటు బయటికి పోవడం దాని పుట్టు లోపం. కాలుష్యం నిబంధనలు దాన్ని పక్కకు నెట్టడం న్యాయమే. అయితే అది నేర్పిన పాఠం మిగిలింది. చెడినదాన్ని మార్చడం సులభం, చెడగొట్టినదాన్ని పట్టుకోవడం కష్టం. కష్టమైన పని ముందు చేస్తే సులభమైన పని ఒక్కసారితో అయిపోతుంది. ఆ షాపులో రెండోసారి కూడా పిస్టనే వేయించుకుని ఉంటే, మూడోసారి ఆ కుర్రవాడు కాలరు ఎముకతో బయటపడేవాడని ఎవరు చెప్పగలరు?

 ఎవరి ఇంట్లోనైనా మూలనున్న స్కూటరు లేపాలనుకుంటే కబురు చేయండి. స్పానర్లు నా దగ్గరున్నాయి. బి.పి. యంత్రం మాత్రం మా ఆవిణ్ణి అడిగి తేవాలి. సెలవు.